మిద్లీనా వంతెన: రెండు భూఫలకాల నడుమ నడిచి రావడం ఎలా

ఐస్‌లాండ్ వెళ్లినవాళ్లు ఈ వంతెన దగ్గర కారు ఆపి, దాటి, ఫొటో దిగి, పది నిమిషాల్లో బయల్దేరుతుంటారు. "ఇంతేనా?" అని కూడా అనుకుంటారు. వంతెన మీదే నిలబడి చూస్తే నిజంగా ఇంతే: ఒక ఇనుప కాలివంతెన, కింద నల్లటి ఇసుక, చుట్టూ కనుచూపుమేర లావా రాయి. అసలు చూడాల్సింది కింద, ఆ పగులులో ఉంది. అందుకే దారి, గాలి, కారు సంగతులు ముందు చెప్పి, కింద దిగాక ఏం చూడాలో తర్వాత చెబుతాం.

రేక్యానెస్ ద్వీపకల్పం ఐస్‌లాండ్ నైరుతి మూల. అట్లాంటిక్ అడుగున ఉత్తరం నుంచి దక్షిణం దాకా పాకిన పర్వతశ్రేణి ఇక్కడే సముద్రంలోంచి నేలమీదికి ఎక్కుతుంది. దానికి ఒక పక్క ఉత్తర అమెరికా ఫలకం, ఇంకో పక్క యురేషియా ఫలకం. భూమి పైపెంకు విడిపోయి ఉన్న పెద్ద ముక్కల్నే ఫలకాలంటారు. ఈ రెండూ ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాయి, అంటే గోరు పెరిగే వేగం కన్నా తక్కువే. ఆ సాగుడుకు నేల చీలిన చోట్లలో ఒకటి సాండ్‌విక్ దగ్గర ఉంది. వెడల్పు సుమారు 18 మీటర్లు, లోతు సుమారు 6 మీటర్లు. 2002లో దాని మీద వంతెన కట్టి, వెయ్యేళ్ల కిందట ఉత్తర అమెరికా తీరం చేరిన నావికుడు లేవ్ ఎరిక్సన్ పేరు పెట్టారు.

దారి

ముందు పేరు దగ్గరే తికమక మొదలవుతుంది. రోడ్డు మీది బోర్డులో బ్రూ మిల్లి హేమ్‌సౌల్వా అని ఉంటుంది, అంటే ఖండాల నడుమ వంతెన. మ్యాపుల్లో మిద్లీనా అని కూడా కనిపిస్తుంది, అంటే నడిమి గీత. ఐస్‌లాండ్ అక్షరాలు ఫోన్‌లో కొట్టడం కష్టం కాబట్టి అంకెలు పెట్టుకోవడం మేలు: ఉత్తర అక్షాంశం 63.868, పశ్చిమ రేఖాంశం 22.675. పశ్చిమ రేఖాంశం కాబట్టి రెండో అంకె ముందు మైనస్ గుర్తు ఉండాలి. అది మరిస్తే మ్యాప్ మిమ్మల్ని ఐరోపా ఉత్తరాదికి తీసుకుపోతుంది.

కెఫ్లావిక్ విమానాశ్రయం నుంచి సుమారు 20 కిలోమీటర్లు, ఇరవై ఇరవై ఐదు నిమిషాలు. రాజధాని రేక్యావిక్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు, గంటలోపు. రాజధాని నుంచి వచ్చేవాళ్లు 41వ నంబరు రోడ్డు మీద విమానాశ్రయం వైపు వచ్చి, 44వ నంబరు రోడ్డుకు మళ్లి హాఫ్నిర్ అనే చిన్న ఊరు చేరాలి. హాఫ్నిర్ దాటాక 425వ నంబరు రోడ్డు. అక్కడి నుంచి దక్షిణంగా ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్తే బోర్డు వస్తుంది. దానిమీద నాలుగు మూలలా మెలికలు తిరిగిన చతురస్రం గుర్తు ఉంటే అది చూడదగ్గ చోటని అర్థం. ఐస్‌లాండ్ అంతటా ఇదే గుర్తు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. బ్లూ లగూన్ అనే వేడినీటి కొలను చూసి, అటునుంచి అటే గ్రిండావిక్ ఊరి మీదుగా 425 పట్టుకుని వంతెనకు రావచ్చని మ్యాప్ చూపిస్తుంది. కాగితం మీద అది సరైన దారే. కానీ ఆ పక్కన సుండ్నూకుర్ బిలాల వరుసలో 2023 డిసెంబర్ నుంచి మళ్లీమళ్లీ లావా ఉబికింది, గ్రిండావిక్ వెళ్లే 43వ నంబరు రోడ్డును 2024లో పలుమార్లు కప్పేసింది. రోడ్డు మళ్లీ వేస్తారు, మళ్లీ మూస్తారు. మ్యాప్‌కు ఆ సంగతి ఒక్కోసారి ఆలస్యంగా తెలుస్తుంది. అందుకని హాఫ్నిర్ వైపు నుంచే వచ్చి, హాఫ్నిర్ వైపే తిరిగి వెళ్లేలా పథకం వేసుకోండి. గ్రిండావిక్ దారి తెరిచి ఉంటే అది కలిసొచ్చినట్టు, అంతే.

బస్సు వంతెన దాకా రాదు. అద్దెకారు, టాక్సీ, లేదంటే ద్వీపకల్పమంతా తిప్పే టూర్ వ్యాన్. వంతెన చూడటానికి ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు, మామూలు చిన్న కారు చాలు. ఊళ్లో గరిష్ఠ వేగం గంటకు 50, బయట కంకర రోడ్డు మీద 80, తారు రోడ్డు మీద 90. పగలైనా హెడ్‌లైట్లు వెలగాల్సిందే. రోడ్డు దిగి నేలమీద, నాచుమీద కారు నడపడం చట్టరీత్యా నేరం, జరిమానా భారీగా ఉంటుంది. పెట్రోలు కెఫ్లావిక్ పరిసరాల్లోనే నింపుకోండి. బంకుల్లో మనుషులు ఉండకపోవచ్చు, యంత్రం కార్డుకు పిన్ అడుగుతుంది. పిన్ లేని కార్డు ఒక్కటే పట్టుకెళ్తే అక్కడే ఆగిపోతారు.

విమానం మారే విరామంలో చూసి రావచ్చా అని అమెరికా, ఐరోపాల మధ్య తిరిగేవాళ్లు అడుగుతుంటారు. లెక్క వేయండి. దిగి ఇమిగ్రేషన్ దాటడానికి అరగంట నుంచి ముప్పావుగంట, కారు తీసుకోవడానికి ముప్పావుగంట, వెళ్లడానికి పాతిక నిమిషాలు, అక్కడ నలభై, రావడానికి పాతిక, పెట్రోలు పోయించి కారు అప్పగించడానికి అరగంట, విమానానికి రెండు గంటల ముందు లోపల ఉండాలి. ఐదున్నర గంటలు అయింది. ఆరు గంటల కన్నా తక్కువ విరామం ఉంటే బయటికి రాకండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు విమానాశ్రయం గడప దాటాలంటే షెంగెన్ వీసా కూడా ఉండాలి.

గాలి

ఈ యాత్రను పాడుచేసేది ఏదైనా ఉంటే అది చలి కాదు, గాలే. ద్వీపకల్పం మీద చెట్టు లేదు, కొండ చాటూ లేదు. సముద్రం మీంచి వచ్చిన గాలి వచ్చినట్టే తగులుతుంది. బయల్దేరే ముందు ఐస్‌లాండ్ వాతావరణ కార్యాలయం అంచనా చూడండి. అందులో గాలి వేగం సెకనుకు మీటర్లలో ఇస్తారు. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. 10 అంటే 36 కిలోమీటర్లు, టోపీ ఎగిరిపోతుంది. 15 అంటే 54, వంతెన మీద ఫోన్ గట్టిగా పట్టుకోవాలి. 20 అంటే 72, ఎత్తైన క్యాంపర్ వ్యాన్లు రోడ్డెక్కకూడదు, మామూలు కారైనా మరో రోజుకు వాయిదా వేయడం మంచిది. సగటుతో పాటు గాలి ఒక్కసారిగా విసిరికొట్టే ఈదురు వేగం కూడా చూడండి, పడదోసేది అదే.

కారు తలుపు సంగతి వేరే చెప్పాలి. వెనక నుంచి గాలి కొడుతున్నప్పుడు తలుపు కాస్త తెరిస్తే చాలు, చేతిలోంచి లాక్కుని ముందుకు విరిచేస్తుంది. కీలు వంగిపోతుంది, తలుపు మళ్లీ మూసుకోదు. అద్దెకారు బీమా చాలావరకు ఈ నష్టాన్ని కట్టదు. కాబట్టి కారు ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి. తలుపును రెండు చేతులా పట్టుకుని తెరవండి. పిల్లలు వెనక కూర్చుంటే వాళ్ల తలుపు పెద్దవాళ్లే బయటి నుంచి తెరవాలి.

బట్టల విషయంలో గాలి దూరని పైకోటు, చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు. జూలైలో కూడా ఇక్కడి సగటు ఉష్ణోగ్రత 11 డిగ్రీల దగ్గరే ఉంటుంది. గొడుగు తెచ్చుకుంటే రెండు నిమిషాల్లో పుల్లలు మిగులుతాయి. బూట్లకు పట్టున్న అడుగు ఉండాలి. గట్టుమీది రాయి ఆకురాయిలా గరుకు, జారి చెయ్యి ఆనిస్తే తోలు లేస్తుంది. శీతాకాలంలో బూటుకు తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు వెంట ఉంచుకోండి. మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిన కంకర బాట గాజులా ఉంటుంది.

ప్రవేశ రుసుము లేదు, గేటు లేదు, వేళలు లేవు. జూన్ మూడో వారంలో తెల్లవారుజామున మూడు నుంచి దాదాపు అర్ధరాత్రి దాకా సూర్యుడు ఉంటాడు. డిసెంబర్ మూడో వారంలో పదకొండున్నరకు కాస్త ముందు లేచి మూడున్నరకు అస్తమిస్తాడు. రద్దీ ఉండేది టూర్ బస్సు వచ్చిన పావుగంట మాత్రమే, అది వెళ్లేదాకా కారులో కూర్చుంటే సరిపోతుంది. పార్కింగ్ నుంచి వంతెనకు కొద్ది నిమిషాల నడక. మరుగుదొడ్డి, టీ దుకాణం అక్కడ ఉంటాయని అనుకోకండి, ఆ పనులు ముందే ముగించుకుని రండి.

వంతెన మీద

దాటడానికి ఇరవై ముప్పై అంగలు. నడుమ ఒక పలక ఉంటుంది, ఫొటోలన్నీ అక్కడే. రెండు చివర్లా ఇటు ఐరోపా, అటు అమెరికా అన్నట్టు స్వాగత బోర్డులు. బోర్డు చూడకుండానే ఎటు ఏదో తెలుసుకోవచ్చు: పగులు ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది కాబట్టి వాయవ్యం గట్టు అమెరికా ఫలకం వైపు, ఆగ్నేయం గట్టు యురేషియా ఫలకం వైపు.

దిక్కు చూడటానికి ఫోన్ దిక్సూచిని వంతెన మీద నమ్మకండి. కాళ్ల కింద ఇనుము, చుట్టూ అయస్కాంత గుణమున్న బసాల్ట్ అనే లావా రాయి. సూర్యుణ్ని నమ్మండి, కానీ గడియారం సరిచేసుకుని. ఐస్‌లాండ్ గ్రీనిచ్ సమయం పాటిస్తుంది, రేక్యానెస్ మాత్రం గ్రీనిచ్‌కు 22 డిగ్రీలకు పైగా పడమర ఉంది. అందుకని సూర్యుడు నడినెత్తికి, అంటే సరిగ్గా దక్షిణానికి వచ్చేది పన్నెండుకు కాదు, ఒకటిన్నర ప్రాంతంలో. ఫొటోలకు కూడా ఇదే లెక్క పనికొస్తుంది. ఉదయం ఎండ వాయవ్య గట్టు మీద పడుతుంది. వేసవిలో సాయంత్రం నాలుగు దాటాక వెలుగు పగులు పొడవునా దూరి వస్తుంది. ఆ తర్వాత ఆగ్నేయ గట్టు వెలుగుతుంది. మబ్బు పట్టిన రోజైతే ఇవేవీ ఉండవు. కానీ నీడలు లేకపోవడం వల్ల రాతి పొరలు అప్పుడే స్పష్టంగా కనిపిస్తాయి.

వంతెన దాటినట్టు పేరు రాసిన ధ్రువపత్రం కావాలనుకునేవాళ్లు రేక్యానెస్ పర్యాటక సమాచార కేంద్రంలో అడగాలి. వంతెన దగ్గర ఇచ్చేవాళ్లెవరూ ఉండరు. తీసుకునేముందు ఒక నిజం తెలిసి ఉంటే మంచిది: మీరు దాటింది ఖండాలను కాదు. ఐస్‌లాండ్ మొత్తం సముద్రం నడుమ అగ్నిపర్వతాలు పోసిన బసాల్ట్ నేల. ఫలకాల పేర్లు ఖండాల పేర్లు కావడంతో బోర్డు రాసేవాళ్లకు పని సులువైంది.

వంతెన కింద

గట్టు పక్కగా కాలిబాట పట్టుకుని ఇసుకలోకి దిగండి. ఇసుక మెత్తన, కాలు దిగబడుతుంది, నడక నెమ్మదిస్తుంది. కింద గాలి హోరు తగ్గుతుంది, మాట వినబడుతుంది. గోడలకు ఆనుకుని నిలబడొద్దు, ఎక్కొద్దు. ఆ అంచుల్లో విడిపోయిన దిమ్మెలు ఉంటాయి. అడుగున పడి ఉన్న బండరాళ్లన్నీ ఒకప్పుడు పైన ఉన్నవే. ద్వీపకల్పంలో భూకంపాల వరుస నడుస్తోందన్న వార్త ఉన్న రోజున కిందికి దిగకుండా వంతెన మీంచే చూసి వెళ్లండి.

మొదట రెండు గోడలనూ పోల్చండి. రెండూ ఒకే లావా, ఒకే రంగు, ఒకే రకం పొరలు. అమెరికా రాయి వేరు, యురేషియా రాయి వేరు అని వెతికేవాళ్లకు ఇక్కడ నిరాశే. పోసినప్పుడు ఒక్కటిగా ఉన్న రాయి తర్వాత చీలింది. పొరల పైభాగంలో బుడగల గుంతలు ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ రాయి గట్టి. కరిగిన లావాలోని వాయువు పైకి ఎగబాకి, పైన గడ్డకట్టిన పెంకు కింద చిక్కుకున్న గుర్తులు అవి. గట్టు మీద అక్కడక్కడా తాళ్లు పేనినట్టు ముడతలు కనిపిస్తే పల్చగా జారిన లావా అని, ముళ్ల గుట్టలా విరిగి ఉంటే చిక్కగా దొర్లిన లావా అని గుర్తుపట్టవచ్చు.

తర్వాత గట్టుల ఎత్తు పోల్చండి. రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉంటే నేల కేవలం పక్కకు విడిపోయినట్టు. ఒకటి కిందికి ఉంటే ఆ పక్క నేల కుంగినట్టు. పగులు పొడవునా కొంత దూరం నడిచి మళ్లీ చూడండి, ఒక్కో చోట ఒక్కో రకంగా కనిపించవచ్చు.

ఇప్పుడు ఒక లెక్క. 18 మీటర్లంటే 1800 సెంటీమీటర్లు. ఏడాదికి 2 చొప్పున భాగిస్తే 900 ఏళ్లు. అంటే ఈ పగులు తెరుచుకోవడం 900 ఏళ్ల కింద మొదలైందా? కాదు, మూడు కారణాల వల్ల. ఒకటి, ఆ 2 సెంటీమీటర్లు ఈ ఒక్క పగులుకే దక్కవు. ఫలకాల సరిహద్దు గీత కాదు, కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న పట్టీ. అందులో ఇలాంటి పగుళ్లు వందలకొద్దీ ఈశాన్యంగా బారులు తీరి ఉన్నాయి, సాగుడంతా వాటి మధ్య పంచుకుంటుంది. రెండు, అది ఏటా కొంచెం కొంచెంగా జరగదు. రాయి దశాబ్దాలు, శతాబ్దాలు బిగబట్టి ఉండి ఒక్కసారిగా తెగుతుంది. 2023 నవంబర్‌లో గ్రిండావిక్ కింద జరిగింది అదే: దాదాపు 15 కిలోమీటర్ల పొడవున శిలాద్రవం నేలలోకి దూరి, ఊరి నడుమ నేల మీటరుకు పైగా కుంగింది. మూడు, గోడలు విరిగి పడుతూ పగులును వెడల్పు చేస్తూనే ఉంటాయి.

"వంతెన ఎప్పుడు తెగుతుంది?" అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. 2002 నుంచి ఇప్పటిదాకా రెండు ఫలకాలూ నలభై సెంటీమీటర్లకు పైగా దూరమయ్యాయి. అది మొత్తం పట్టీకి అటూ ఇటూ కొలిస్తే వచ్చే లెక్క. వంతెన రెండు చివర్ల మధ్య అంతా చేరితే ఈపాటికి అది కింద ఉండేది.

ఇలాంటి చీలికకే పేరుపడ్డ థింగ్‌వెల్లిర్ జాతీయ పార్కు కూడా చూస్తున్నవాళ్లకు ఒక మాట. అక్కడి లోయ ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది, గోడలు ఎత్తు, చూపుకు గొప్పది. కానీ దానికి తూర్పున ఉన్నది నేరుగా యురేషియా కాదు, నడుమ ఇరుక్కున్న హ్రెప్పార్ అనే చిన్న ఫలకం. రెండు పెద్ద ఫలకాల నడుమ నిలబడాలన్న కోరికకు, కొలతలో చిన్నదైనా, మిద్లీనాయే దగ్గర.

లావా మీది బూడిదాకుపచ్చ నాచు మీద కాలు పెట్టకండి. ఒక్క అడుగుజాడ మానడానికి దశాబ్దాలు పడుతుంది. పైగా నాచు కింద, మంచు కింద సన్నటి పగుళ్లు దాగి ఉంటాయి, కాలు దూరితే మడమ విరుగుతుంది. రాళ్లు పేర్చి గోపురాలు కట్టే సరదా కూడా వద్దు.

ముందురోజు చూడాల్సినవి

2021 మార్చి 19న ఫాగ్రాడాల్స్‌ఫ్యాల్ అగ్నిపర్వతం బద్దలయ్యేదాకా ఈ ద్వీపకల్పం దాదాపు 800 ఏళ్లు విస్ఫోటాలు లేకుండా ఉంది. ఇప్పుడు అలా అనుకోవడానికి లేదు. సుండ్నూకుర్ బిలాల వరుస వంతెనకు సుమారు 14 కిలోమీటర్లు తూర్పున ఉంది, లావా ఇక్కడికి వస్తుందన్న భయం అక్కర్లేదు. వచ్చేది వాయువు. విస్ఫోటం నడుస్తుండగా తూర్పు గాలి వీస్తే సల్ఫర్ డయాక్సైడ్ ఇటు మళ్లుతుంది. గొంతు గరగరలాడినా, కాలిన అగ్గిపుల్ల వాసన వచ్చినా కారెక్కి అద్దాలు మూసి, బయటి గాలి లోపలికి రాకుండా మీట తిప్పి, వెళ్లిపోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు అలాంటి రోజు బయల్దేరనే వద్దు. వాతావరణ కార్యాలయం, రోడ్ల శాఖ, సేఫ్‌ట్రావెల్ వెబ్‌సైట్లు మూడూ ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున ఇంకోసారి చూడండి. అత్యవసర నంబరు 112.

వంతెన తర్వాత

ఒక్క వంతెన కోసం రేక్యావిక్ నుంచి రావడం దండగ. దక్షిణంగా ఇంకో ఏడెనిమిది కిలోమీటర్లు పోతే గున్నుహ్వెర్ ఉంది, సుమారు 20 మీటర్ల అడ్డుకొలత ఉన్న మరిగే బురదగుంట. చెక్క బాట దిగొద్దు. పక్కనున్న నేల గట్టిగానే కనిపిస్తుంది, దాని కింద ఆవిరి. ఆవిరి మీదికి వస్తే బాట అంచు కనబడదు, తొలిగేదాకా నిలబడిపోండి. అక్కడికి దగ్గరలోనే రేక్యానెస్ దీపస్తంభం. 1878లో కట్టిన మొదటిది వలాహ్నూకుర్ కొండ అంచున ఉండేది, భూకంపాలకు, అలలకు ఆ అంచు చెదరడంతో 1907, 1908 ప్రాంతంలో లోపలికి జరిపి కొత్తది కట్టారు. ఆ కొండ కొమ్ము ఇప్పటికీ విరుగుతూనే ఉంది, అంచుకు పోకండి. ఆకాశం తేటగా ఉంటే నైరుతిగా సముద్రంలో నిలువు బండలా ఎల్డే దీవి కనిపిస్తుంది. రెక్కలున్నా ఎగరలేని గ్రేట్ ఆక్ పక్షుల్లో చివరి జంటను 1844లో చంపింది దాని మీదే.

ఇవన్నీ కలిపి మూడు నాలుగు గంటలు. ఓపిక ఉంటే గ్రిండావిక్ వైపు ఇంకొంచెం పోయి బ్రిమ్‌కెటిల్ చూడొచ్చు, సముద్రం లావాలో తొలిచిన రాతి తొట్టి. ఫొటోల్లో ఈతకొలనులా ఉంటుంది, దిగితే అల లాగేస్తుంది. కట్టిన వేదిక మీంచే చూడండి. వేదిక తడిసి ఉంటే అల అక్కడిదాకా వస్తోందని అర్థం, ఆ రోజు కారు దగ్గర నుంచే చాలు.